మధ్య వరుసలో ఆడబిడ్డ



ఒక ఆదివారం ఆరాధన ముగిసి అందరూ చెప్పులు తొడుక్కుంటూ ఉండగా, నిమ్మనపల్లె మా సంఘంలోని ఒక తల్లి మందిరం వాకిట్లో నా కోసం కనిపెట్టుకొని ఉంది. టమాటా కోతలకు పోయే కూలి మనిషి. ఆదివారం కట్టుకొచ్చిన చీర తెల్లగా ఉన్నా, చేతివేళ్లకు కాయల పసరు ఇంకా పోలేదు.

"టీచరమ్మా, మా పాపను బాలాటకు పిలుస్తాండారు. మదనపల్లెలో సెలక్షన్లంట. పీఈటీ సారు ఇంటికాడికొచ్చి మరీ చెప్పిపోయినాడు. మా ఇంటాయన ఆడబిడ్డకు అవన్నీ వొద్దంటాండాడు. పంపీమంటారా, వొద్దంటారా? మీరు చెప్తే ఆయన కాదనడు" అన్నది.

"ఒక్క వారం గడువియ్యమ్మా, ప్రార్థన చేసి చెబుతాను" అన్నాను.

జవాబు తెలియక నేను గడువు అడగలేదు. అడగడానికి వేరే కారణం ఉంది. దాన్ని ఈ వ్యాసం చివర చెబుతాను. ఆ వారమంతా నేను ఆడపిల్లల ఫుట్‌బాల్ గురించి తెలిసినవారిని అడిగి, దొరికినదల్లా చదివి తెలుసుకున్నాను. మన తెలుగు బిడ్డ ఒకతె ఆ ఆటలో ఎంత దూరం వెళ్లిందో చదివి ఆశ్చర్యపోయాను. మన సంఘాల్లో ఆడపిల్లలున్న ప్రతి తల్లి, ప్రతి తండ్రి తెలుసుకోదగిన సంగతి గనుక ఇక్కడ రాస్తున్నాను.

తండా నుంచి జాగ్రెబ్ దాకా

ఆ అమ్మాయి పేరు గుగులోత్ సౌమ్య. 2001లో పుట్టింది. నిజామాబాద్ జిల్లాలోని ఒక లంబాడా తండా ఆమె ఊరు. మన వైపు మనం సుగాలీలు అని పిలిచే వారినే అక్కడ లంబాడాలు అంటారు. తండ్రి వ్యవసాయదారుడు. బడిలో ఆమె మొదట ఫుట్‌బాల్ క్రీడాకారిణి కాదు, పరుగుపందెం పిల్ల. ఆ పరుగును గొట్టిపాటి నాగరాజు అనే కోచ్ చూశాడు. ఇంత వేగం ఉన్న కాళ్లకు బంతి అందితే ఎలా ఉంటుందోనని ఆలోచించి, ఆమెను ఫుట్‌బాల్ వైపు తిప్పాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఆ పిల్ల కాళ్లలోని వేగం దేవుడిచ్చినది, పుట్టుకతో వచ్చినది. కానీ దాన్ని చూసే కన్ను ఒకటి కావలసివచ్చింది. ఇంటికి వచ్చి చెప్పే నోరు ఒకటి కావలసివచ్చింది. ఆ మాట విని సరేననే తల్లిదండ్రులు కావలసివచ్చింది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ వేగం ఆ తండా దాటి ఉండేది కాదు. మన పల్లెల్లో ఎన్ని వేగాలు అలా పొలం గట్ల మీదనే ఆగిపోయాయో ఆ దేవునికే తెలుసు.

సౌమ్య చిన్న వయసులోనే ఇల్లు విడిచి పోటీలకు తిరిగింది. 2019-20లో ముంబయికి చెందిన కెంక్రే జట్టు తరఫున భారత మహిళల లీగ్‌లో ఆడింది. తరువాత గోకులం కేరళ క్లబ్బులో చేరింది. 2021లో భారత సీనియర్ మహిళల జట్టులో చోటు సంపాదించింది.

2022లో ఐరోపా ఖండంలోని క్రొయేషియా దేశం నుంచి పిలుపు వచ్చింది. ఆ దేశపు రాజధాని జాగ్రెబ్. అక్కడి దైనమో జాగ్రెబ్ క్లబ్బు మన దేశపు అమ్మాయిలను పరీక్షించి, మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్‌నూ మన సౌమ్యనూ ఎన్నుకొన్నది. మన భాష తెలిసినవారు లేని ఊరు, మన తిండి దొరకని చోటు, చలికాలంలో మంచు కురిసే దేశం. తండాలో పుట్టిన అమ్మాయి అక్కడికి వెళ్లింది. ఆట ఆమెకు ఉద్యోగం అయింది.

స్వదేశం తిరిగి వచ్చాక మళ్లీ గోకులం జట్టుకు ఆడి, 2024లో కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరింది. 2024-25 సంవత్సరపు భారత మహిళల లీగ్‌ను ఈస్ట్ బెంగాల్ గెలిచింది. ఆ లీగ్‌లో సౌమ్య తొమ్మిది గోల్స్ చేసి, మన దేశపు అమ్మాయిలందరిలో ఎక్కువ గోల్స్ చేసినదిగా నిలిచింది. 2025 మే నెలలో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఆ ఏటి ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా సత్కరించింది.

అదే ఏడు జూన్, జూలై నెలల్లో థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్ నగరంలో ఆసియా కప్ అర్హత పోటీలు జరిగాయి. మన అమ్మాయిలు మొదట మంగోలియాను 13-0తో ఓడించారు. అందులో సౌమ్యవి రెండు గోల్స్. తూర్పు తిమోరును, ఇరాక్‌ను కూడా గెలిచి, చివరగా జూలై 5న ఆతిథ్య దేశమైన థాయిలాండ్‌ను వారి సొంత మైదానంలోనే 2-1తో ఓడించారు. థాయిలాండ్ రెండుసార్లు ప్రపంచ కప్‌లో ఆడిన జట్టు అని గుర్తుంచుకోవాలి. ఆ రోజు మన రెండు గోల్స్ చేసినది పశ్చిమ బెంగాల్‌కు చెందిన మధ్య వరుస క్రీడాకారిణి సంగీతా బాస్ఫోర్. అర్హత పోటీలలో గెలిచి మన మహిళలు ఆసియా కప్ చేరడం అదే మొదటిసారి. ఆ విధంగా 2026 నాటి ఆస్ట్రేలియా ఆసియా కప్‌కు మన దేశం అర్హత పొందింది.

మధ్య వరుస అంటే ఏమిటి?

ఫుట్‌బాల్ తెలియని తల్లుల కోసం రెండు మాటలు. ఒక్కో జట్టులో పదకొండు మంది ఉంటారు. గోల్ కాచేవారు ఒకరు. వారి ముందు రక్షణ వరుస. ఎదుటి గోల్ మీదికి పోయేవారు ముందు వరుస. ఈ రెండింటికీ నడుమ ఆడేవారు మధ్య వరుస. వారిని మిడ్‌ఫీల్డర్లు అంటారు. సౌమ్య ఈ మధ్య వరుసలోనూ, మైదానం అంచున రెక్కల వైపునా ఆడుతుంది.

ఆట తొంభై నిమిషాలు. నలభై ఐదు నిమిషాలకు ఒక విరామం. మధ్య వరుసలో ఆడేవారు ఆ తొంభై నిమిషాల్లో పది కిలోమీటర్ల దాకా పరుగెత్తుతారు. నిమ్మనపల్లె నుంచి బయలుదేరి మదనపల్లె దారిలో చాలా దూరం పోయినంత అన్నమాట. అదీ తిన్నగా కాదు. ముందుకు, వెనక్కు, పక్కకు. బంతి తమ దగ్గర లేనప్పుడు కూడా పరుగే. వెనక ఉన్నవారు కష్టంలో పడితే వెనక్కు వచ్చి ఆదుకోవాలి. బంతి దొరికితే తలెత్తి చూసి, ముందున్నవారిలో ఎవరికి దారి ఉందో వారికి అందించాలి. గోల్ వేసినవారి పేరు పత్రికలో వస్తుంది. బంతి అందించినవారి పేరు చాలాసార్లు రాదు.

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో సంఘాన్ని ఒక శరీరంతో పోల్చాడు. కన్ను చేతితో నీ అవసరం లేదనలేదు. తల పాదాలతో ఆ మాట అనలేదు. మన కంటికి తక్కువగా కనిపించే అవయవాలే ఎక్కువ అవసరమైనవని కూడా అక్కడ రాశాడు. మధ్య వరుస క్రీడాకారిణిని చూస్తే నాకు మన సంఘాల్లోని స్త్రీలు గుర్తుకు వచ్చారు. మందిరం ఊడ్చేది వారు, రోగుల ఇళ్లకు వెళ్లేది వారు, స్త్రీల మైత్రి కూటంలో పిడికెడు బియ్యం పోగుచేసేది వారు. వార్షిక నివేదికలో వారి పేర్లు వెతికితే దొరకవు.

అదే పత్రిక తొమ్మిదో అధ్యాయంలో పౌలు పందెపు రంగాన్ని గురించి కూడా రాశాడు. పరుగెత్తేవాడు అన్ని విషయాల్లో తన్ను తాను అదుపులో పెట్టుకుంటాడని చెప్పాడు. వాడిపోయే కిరీటం కోసమే అంత శ్రమపడితే, వాడిపోని కిరీటం కోసం మనమెంత శ్రమపడాలి అన్నది అక్కడి బోధ. పౌలు ఆటను తిట్టి బోధించలేదు. ఆటలోని క్రమశిక్షణను మెచ్చుకొని, దాని నుంచి ఆత్మీయ పాఠం తీశాడు.

స్త్రీల ఆటకు వేసిన తాళం

ఆడవారు బంతి తన్నడం ఈమధ్య వచ్చిన వింత అనుకుంటాం. కాదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండులో మగవారు యుద్ధానికి పోతే, ఫ్యాక్టరీల్లో ఆయుధాలు తయారుచేసే పని స్త్రీలు చేశారు. భోజన విరామంలో వారు బంతి ఆడేవారు. ప్రెస్టన్ పట్టణంలోని డిక్ కెర్ ఫ్యాక్టరీ స్త్రీల జట్టు పేరు మోగిపోయింది. 1920 డిసెంబరు 26న, అంటే క్రిస్మస్ మరునాడు, లివర్‌పూల్ నగరంలో వారి ఆట చూడటానికి 53,000 మంది వచ్చారు. వారి ఆటల ద్వారా వచ్చిన డబ్బు గాయపడిన సైనికుల సహాయానికీ ఇతర ధర్మకార్యాలకూ వెళ్లేది.

అయినా 1921 డిసెంబరు 5న అక్కడి ఫుట్‌బాల్ సంఘం తన కింద ఉన్న మైదానాల్లో స్త్రీలు ఆడరాదని నిషేధించింది. ఈ ఆట ఆడవారికి తగదు అన్నారు. ఆ తాళం తీయడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. స్త్రీలకు మొదటి ప్రపంచ కప్ 1991లో చైనాలో జరిగింది. పురుషులకు అది 1930లోనే మొదలైంది.

మన దేశపు స్త్రీలు 1980లో కాలికట్‌లోనూ, 1983లో థాయిలాండ్‌లోనూ జరిగిన ఆసియా పోటీలలో రెండో స్థానం పొందారు. అంత మంచి ఆరంభం ఉండి కూడా ఆదరణ లేక వెనకబడ్డారు. భారత మహిళల లీగ్ మొదలైంది 2017 జనవరిలో మాత్రమే. 2023లో సమాఖ్య ఒక నిర్ణయం చేసింది. ఆ లీగ్‌లోని ప్రతి క్లబ్బూ కనీసం పదిమంది భారతీయ క్రీడాకారిణులకు సంవత్సరానికి 3 లక్షల 20 వేల రూపాయలకు తగ్గకుండా జీతం ఇవ్వాలని ఆ నిర్ణయం. నెలకు లెక్కవేస్తే ఇరవై ఆరు వేల పైచిలుకు. ఇది గొప్ప ధనం కాదు. కానీ మన వైపు కూలి చేసే తల్లికి ఆ లెక్క అర్థమవుతుంది.

ఈ బ్రతుకు అంతా పూలబాట కాదని కూడా చెప్పాలి. 2022 ఆగస్టులో మన సమాఖ్యను ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ కొన్నాళ్లు సస్పెండ్ చేసింది. అప్పటికే ఆసియా క్లబ్ పోటీల కోసం తాష్కెంట్ చేరిన గోకులం కేరళ అమ్మాయిలు ఒక్క ఆట కూడా ఆడకుండా తిరిగి రావలసివచ్చింది. పెద్దల తగవుకు పిల్లలు మూల్యం చెల్లించారు.

మోషే దగ్గరికి సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు వచ్చిన సంగతి సంఖ్యాకాండము 27వ అధ్యాయంలో ఉంది. కొడుకులు లేని మా తండ్రి పేరు ఎందుకు చెరిగిపోవాలి, మాకు భాగం ఇయ్యండి అని సమాజమందరి ఎదుట అడిగారు. మోషే వారిని గద్దించి పంపలేదు. తానే తీర్పు చెప్పనూ లేదు. ఆ వ్యాజ్యాన్ని దేవుని సన్నిధికి తీసుకుపోయాడు. ఆ కుమార్తెలు అడిగింది న్యాయమని దేవుడు సెలవిచ్చాడు. ఆడపిల్ల ఏదైనా అడిగితే, ముందు దేవుని సన్నిధిలో పెట్టి ఆలోచించాలని ఈ సంగతి మనకు నేర్పుతుంది.

మన మదనపల్లె మరచిపోయిన మాట

ఇప్పుడు మన ప్రాంతపు సంగతి. ఆర్కాటు మిషను వారు మదనపల్లెలో బడులు పెట్టారు, ఆసుపత్రి కట్టారు. 1911 నుంచి మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి మన తల్లుల కాన్పులు చూస్తూ వచ్చింది. అక్కడ మొదట పనిచేసిన డాక్టరమ్మ లూయిసా హార్ట్. అదే మిషనులో పుట్టి పెరిగిన ఐడా స్కడ్డర్ 1918లో వేలూరులో ఆడపిల్లలకు వైద్యపాఠశాల ప్రారంభించింది. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు గర్భిణీ స్త్రీలు, మగ డాక్టరు ముట్టుకోరాదన్న ఆచారం వల్ల సాయం లేక చనిపోవడం చూసి ఆమె ఆ పని చేపట్టింది.

ఆ రోజుల్లో ఆడపిల్లను నర్సు చదువుకు పంపడమంటే ఊరంతా నోళ్లు నొక్కుకునేది. పరాయి మగవాణ్ణి ముట్టుకుంటుందా, రాత్రిపూట పనిచేస్తుందా, ఆ పిల్లకు పెళ్లెలా అవుతుంది అన్నారు. మన అవ్వలు ఆ మాటలన్నీ పడ్డారు. ఈనాడు మన సంఘాల్లో నర్సులున్న కుటుంబాలు ఎన్ని! వారి జీతాలతో ఎన్ని ఇళ్లు నిలబడ్డాయి, ఎంతమంది తమ్ముళ్లు చదువుకున్నారు! వారు ఇచ్చిన దశమ భాగాలతో మన మందిరాలకు పైకప్పులు పడ్డాయి. నర్సు తెల్లబట్టల మీద ఆనాడు అన్న మాటలే ఈనాడు ఆటగత్తె బట్టల మీద అంటున్నాము. అనేవారం మనమే అయ్యాము, అంతే తేడా.

మన పొరుగున అనంతపురంలో చూడండి. స్పెయిన్ దేశం నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడ అడుగుపెట్టి, భార్య యాన్‌తో కలిసి కరువు పల్లెల మధ్య రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నడిపాడు. ఆయన 2009లో కన్నుమూశారు. బడులు, ఆసుపత్రులతోపాటు ఆ ట్రస్టు ఆటల అకాడమీ కూడా పెట్టింది. బీద ఇళ్ల మగపిల్లలతో పాటు ఆడపిల్లలు కూడా అక్కడ ఫుట్‌బాల్, హాకీ వంటి ఆటలు నేర్చుకున్నారు. కాబట్టి రాయలసీమ ఆడపిల్లలకు బంతి కొత్త కాదు.

తల్లిదండ్రుల భయాలు

భయాలు లేవని నేను అనను. కొన్ని భయాలు న్యాయమైనవి. ఒక్కొక్కటి చూద్దాం.

బట్టలు: నిక్కరు వేసుకొని మగవాళ్ల ముందు పరుగెత్తడమా అని తండ్రులు అడుగుతారు. ఆటకు తగిన బట్ట అది, అలంకారం కాదు. మోకాళ్ల దాకా వచ్చే నిక్కరు కింద కాళ్లకు బిగుతుగా ఉండే లోబట్ట తొడుక్కొని ఆడే అమ్మాయిలు కూడా ఉన్నారు. ఆ సంగతి పీఈటీ మాస్టారుతో మాట్లాడుకోవచ్చు. వరిమడిలో నాట్లు వేసేటప్పుడు చీర మోకాళ్ల పైకి ఎగదోపుకున్న తల్లిని ఎవరూ తప్పుపట్టరు. చూసేవారి కన్ను సరిగా లేకపోతే తప్పు ఆ కంటిది.

భద్రత: ఈ భయాన్ని ఎవరూ కొట్టిపారేయరాదు. 2022లో మన దేశపు పదిహేడేళ్ల లోపు అమ్మాయిల జట్టు విదేశీ పర్యటనలో ఉండగా, అనుచిత ప్రవర్తన కారణంగా ఒక సహాయ శిక్షకుణ్ణి వెనక్కి పిలిపించి తొలగించారు. కనుక అడగండి. జట్టుతో ఆడ టీచరు వస్తున్నదా? రాత్రి ఎక్కడ పడుకుంటారు? ఫోను చేయడానికి వీలుందా? బిడ్డ ఎప్పుడైనా నాకు అక్కడికి పోవాలని లేదమ్మా అంటే, కారణం నెమ్మదిగా అడగండి, కోప్పడవద్దు. పిల్లల మీద లైంగిక నేరాలను శిక్షించే చట్టం 2012లోనే వచ్చింది. 1098 నంబరుకు ఫోను చేస్తే పిల్లలకు సహాయం అందుతుంది. జాగ్రత్తపడటం వేరు, ఇంట్లో బంధించడం వేరు.

ఆదివారం: పోటీలు ఆదివారం వస్తే ఎలా అని భక్తిగల తల్లులు అడుగుతారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో స్కాట్లండ్ క్రైస్తవ యువకుడు ఎరిక్ లిడెల్ ఆదివారం పరుగెత్తనని వంద మీటర్ల పందెం వదులుకున్నాడు. వేరే రోజున జరిగిన నాలుగు వందల మీటర్ల పందెంలో బంగారు పతకం గెలిచాడు. తరువాత చైనాలో మిషనరీగా పనిచేసి, 1945లో నిర్బంధ శిబిరంలో ప్రభువునందు నిద్రించాడు. ఆయన ఆటను విడిచిపెట్టలేదు, ఆరాధననూ విడిచిపెట్టలేదు. మన బిడ్డలకు కూడా ఇటువంటి ఎంపిక ఎదురుకావచ్చు. ఆ వేళ ఏమి చేయాలో తెలిసేటట్టు ఇంట్లో కుటుంబ ప్రార్థన ముందుగానే వారిని సిద్ధపరచాలి.

శరీరం: మన రాష్ట్రంలో ఆడవారిలో సగానికి మించి రక్తహీనతతో ఉన్నారు. ఖాళీ కడుపుతో పరుగెత్తే పిల్ల కళ్లు తిరిగి పడిపోతుంది. రాగిసంగటి, వేరుశనగలు, ఆకుకూర, గుడ్డు పెట్టండి. బడిలో ఇచ్చే ఐరన్ మాత్రలు మింగిందో లేదో అడగండి. నెలసరి రోజుల్లో ఆడరాదన్న నియమం లేదు. నొప్పి ఎక్కువైతే విశ్రాంతి ఇవ్వాలి. మోకాలి లోపలి కట్టు తెగే గాయం మగవారికంటే ఆడవారిలో ఎక్కువ. అందుకే ఆటకు ముందు శరీరాన్ని వేడిచేసే కసరత్తులు, కాలికి సరిపోయే బూట్లు తప్పనిసరి. అక్క బూట్లు చెల్లెలికి తొడిగి పంపవద్దు.

ఆదికాండము 24వ అధ్యాయంలో రిబ్కాను గుర్తుచేసుకోండి. అబ్రాహాము దాసుడు తెచ్చిన పది ఒంటెలకు నీళ్లు చేదిపోసింది. బావి దగ్గరికి పరుగెత్తిందని అక్కడ రాసి ఉంది. ఎడారి దాటి వచ్చిన ఒంటె ఒక్కటే ఎన్ని కడవలు తాగుతుందో ఆలోచించండి. బలమైన చేతులు, చురుకైన కాళ్లు ఉన్న ఆడపిల్లను చూసి ఆ దాసుడు దేవుణ్ణి స్తుతించాడు.

చదువు, పెళ్లి: ఆటకు పోయిన ప్రతి పిల్లా సౌమ్య కాదు. వందమందిలో తొంభై తొమ్మిది మంది జాతీయ జట్టు దాకా పోరు. ఈ సంగతి బిడ్డకు ముందే చెప్పాలి. చదువు మానిపించి ఆటకు పంపవద్దు. అయితే జిల్లాస్థాయి దాకా ఆడిన పిల్ల కూడా ఊరికే తిరిగి రాదు. నలుగురితో కలిసి పనిచేయడం, ఓడిపోయి మరునాడు లేచి మళ్లీ మైదానానికి పోవడం, తన శరీరాన్ని చూసి సిగ్గుపడకుండా ఉండడం నేర్చుకొని వస్తుంది. అటువంటి పిల్లకు పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేయాలని చూస్తే, వద్దు అని చెప్పగలుగుతుంది.

నేను ఇచ్చిన జవాబు

ఇక వారం గడువు ఎందుకు అడిగానో చెప్పాలి.

2001లో నేను బడిలో పాఠాలు చెబుతున్న రోజుల్లో తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. చెప్పులు లేని కాళ్లతో మగపిల్లలను దాటి పరుగెత్తేది. క్రీడల హాస్టలుకు ఆమె పేరు వచ్చింది. ఆ పిల్ల తల్లి నా దగ్గరికి వచ్చి ఇదే ప్రశ్న అడిగింది. "ఆడపిల్ల కదమ్మా, ఊరుగాని ఊరు, వద్దులే" అన్నాను. నేను ప్రార్థన చేయలేదు. ఎవరినీ అడగలేదు. నోటికి వచ్చినది చెప్పాను, అంతే. వాళ్లు నా మాట విన్నారు. పదో తరగతి తరువాత ఆ పిల్ల చదువు ఆగింది. పద్దెనిమిది నిండకముందే పెళ్లి అయింది.

మందిరం వాకిట్లో నన్ను అడిగిన తల్లి ఆ పిల్లే.

ఆమె అది మరచిపోయిందో, గుర్తుండే అడిగిందో నాకు తెలియదు. వారం తరువాత నేను వాళ్ల ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూర్చొని భార్యాభర్తలిద్దరికీ సౌమ్య కథ చెప్పాను. భయాల గురించి పైన రాసిన మాటలన్నీ మాట్లాడుకున్నాం. తరువాత ఆ తల్లితో, "ఆనాడు నీ విషయంలో నేను తప్పు చెప్పానమ్మా, నన్ను క్షమించు" అన్నాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. కొంగుతో ముఖం తుడుచుకొని లోపలికి పోయి టీ పెట్టుకొచ్చింది. "పోనీలే టీచరమ్మా. ఆ పొద్దు మా అమ్మ కూడా భయపడే ఉండ్లా" అన్నది. ఆయన మాత్రం, "మీరూ కూడా వస్తానంటే పంపిస్తా" అన్నాడు.

వెళ్లాను. మదనపల్లెలో ఎండలో గట్టు మీద తల్లీ నేనూ కూర్చున్నాం. ఆమె ఆ రోజు కూలి వదులుకొని వచ్చింది. పిల్లను మధ్య వరుసలో ఆడించారు. రెండుసార్లు పడింది, లేచింది. సాయంత్రం పేర్లు చదివారు. మా పాప పేరు పదకొండు మందిలో లేదు. అదనపు ఆటగాళ్లలో చివరిది. పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. తల్లి మాత్రం బస్సులో దారి పొడవునా ఆ పిల్ల బూట్లు ఒళ్లో పెట్టుకొని, "ఎట్ల పరిగెత్తినాదో చూసినారా, చూసినారా" అని నన్ను అడుగుతూనే ఉంది.

వచ్చే ఏడు మళ్లీ సెలక్షన్లు ఉంటాయి. పాప రోజూ తెల్లవారుజామున మైదానానికి పోతున్నది. కోతల్లేని రోజుల్లో తల్లి కూడా వెంట పోయి గట్టు మీద కూర్చుంటున్నది.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు

1. మన ఇంటి ఆడబిడ్డకు దేవుడిచ్చిన తలాంతు ఏమిటో ఎప్పుడైనా అడిగి తెలుసుకున్నామా?

2. ఎవరైనా సలహా అడిగినప్పుడు ప్రార్థన చేసి చెబుతున్నామా, లోకం అనే మాటనే మన మాటగా చెబుతున్నామా?

3. మన తప్పు సలహా వల్ల ఎవరికైనా నష్టం జరిగి ఉంటే, వారి ఇంటికి వెళ్లి ఒప్పుకోవడానికి సిద్ధమా?

ప్రార్థన: ప్రభువా, మా కుమార్తెల కాళ్లలో నీవు పెట్టిన బలాన్ని చూసే కన్నులు మాకు దయచేయుము. వారు గెలిచినప్పుడు గర్వపడకుండా, ఓడినప్పుడు క్రుంగిపోకుండా కాపాడుము. ఇల్లు విడిచి దూరదేశాలలో ఆడే మా బిడ్డలందరికీ తోడుగా ఉండుము. మా భయాలలో న్యాయమైన వాటిని జాగ్రత్తగా మార్చుము. న్యాయము కాని వాటిని తీసివేయుము. ఆమేన్.